ఇంటికీ పనికీ నడుమ దారి: లెక్కకు రాని అద్దె

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వారి కాలంలో ఇల్లు కట్టడం ఎంత ప్రయాసతో కూడిన పని అయినా, ఎక్కడ కట్టాలన్న సందేహం మాత్రం అరుదుగానే కలిగేది. పొలం ఉన్నచోట ఊరు, ఊరు ఉన్నచోట ఇల్లు. కోడి కూసిన వేళ కాడి కట్టుకొని బయలుదేరిన రైతు పొద్దు గూకేసరికి తన అరుగు మీద కూర్చుని ఉండేవాడు.

సరిహద్దు పల్లెల్లో నేడు ఆ స్థితి లేదు. చిత్తూరు జిల్లాలోని కుప్పం, గుడుపల్లె మొదలుకొని కర్ణాటకలోని కామసముద్రం, బంగారపేట, మాలూరు వరకు గల రైల్వే స్టేషన్లకు తెల్లవారకముందే జనం చేరుతారు. తాపీ పనివారు, వడ్రంగులు, కాపలా ఉద్యోగులు, దుకాణాల్లో పనిచేసేవారు, గుమాస్తాలు, కళాశాల విద్యార్థులు. అత్యధికుల గమ్యం బెంగళూరే. ఉదయం వెళ్ళినవారు చీకటి పడిన తరువాత అదే దారిన తిరిగి వస్తారు. చాలా ఇళ్ళలో తండ్రి బయలుదేరే వేళకు పిల్లలు నిద్ర లేవరు. అతడు తిరిగి వచ్చే వేళకు నిద్రపోయి ఉంటారు.

ఇటువంటి కుటుంబాల ముందుకు ఏదో ఒకనాడు ఒక ప్రశ్న వస్తుంది. ఊళ్ళోనే ఉండి రోజూ తిరగడమా, బెంగళూరులో అద్దె ఇల్లు తీసుకోవడమా, లేక నడుమ మాలూరు, బంగారపేట వంటి పట్టణంలో కాపురం పెట్టడమా? సాధారణంగా ఈ ప్రశ్నకు అద్దెయే జవాబు చెబుతుంది. నెల తిరిగేసరికి చేతినుండి పోయే సొమ్ము గనుక అద్దె అందరికీ కనబడుతుంది. దారిలో పోయే కాలం కనబడదు. ఆ కనబడని అద్దెను లెక్కగట్టడం ఎలాగో, రాష్ట్రపు గీత దాటి ఇల్లు మార్చేవారు అదనంగా చూసుకోవలసినవి ఏవో తెలుసుకోవడం ప్రతి సరిహద్దు కుటుంబానికీ అవసరం.

గనులు మూతపడిన ఊరు నేర్పే పాఠం

ఈ విషయంలో కోలారు బంగారు గనుల పట్టణం కన్నా మంచి ఉదాహరణ ఈ ప్రాంతంలో మరొకటి లేదు. 1880లో జాన్ టేలర్ అండ్ కంపెనీ అక్కడ గనుల నిర్వహణ చేపట్టింది. 1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుండి కరెంటు వచ్చింది. తమిళ, తెలుగు జిల్లాల నుండి వేలాది కుటుంబాలు తరలి వెళ్ళాయి. కార్మికుల లైన్లు గనుల పక్కనే వెలిశాయి. షిఫ్టు కూత వినబడిన తరువాత ఇంటినుండి నడిచి గని చేరగలిగిన రోజులవి. పనికీ ఇంటికీ నడుమ దూరం అన్నది అక్కడి కార్మికునికి పెద్ద సమస్యే కాదు.

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ గనులను మూసివేసింది. పని పోయింది, ఇళ్ళు మిగిలాయి. పుట్టి పెరిగిన ఊరిని, అలవాటైన ఇరుగుపొరుగును వదలలేని కుటుంబాలు రైలును ఆశ్రయించాయి. మారికుప్పం నుండి బంగారపేటకు గల 16 కిలోమీటర్ల శాఖా మార్గం ఒకప్పుడు గనుల కొరకు వేసినది. అదే మార్గం నేడు గనికార్మికుల సంతతిని నిత్యం బెంగళూరుకు చేరవేస్తున్నది. బంగారపేట నుండి బెంగళూరు మరో 70 కిలోమీటర్లు.

ఇందులోని పాఠం స్పష్టమే. ఇంటి ఆయుష్షు నలభై, యాభై ఏళ్ళు. ఉద్యోగపు ఆయుష్షు ఎవరూ చెప్పలేరు. కంపెనీ మారవచ్చు, మూతపడవచ్చు, ఉద్యోగిని వేరొక శాఖకు బదిలీ చేయవచ్చు. కాబట్టి ఒకే ఒక్క పనిచోటు పక్కన జీవితకాలపు సొమ్ము పోసి ఇల్లు కొనడం కన్నా, పలు పనిచోట్లకు దారి ఉన్న ఊరిని ఎంచుకోవడం క్షేమం. బంగారపేటనే తీసుకుంటే, అక్కడినుండి ఒకవైపు మాలూరు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు. ఒకవైపు కోలారు, చింతామణి, చిక్కబళ్ళాపురం. మరొకవైపు కుప్పం, జోలార్‌పేట. ఇంకొకవైపు మారికుప్పం రైలు మార్గాలున్నాయి. ఒక పని పోయినా ఇల్లు కదల్చకుండా మరొక పని వెదుక్కునే అవకాశం ఇటువంటి కూడలి ఊళ్ళలో ఎక్కువ.

కొలవవలసినది గడియారంతో

ఊరు ఎంత దూరం అని అడిగితే పల్లెవారు కిలోమీటర్లలోనే చెబుతారు. నిత్య ప్రయాణికునికి ఆ లెక్క చాలదు. అతని ప్రయాణం ఇంటి గడప దగ్గర మొదలై పనిచోట హాజరు వేసేదాకా సాగుతుంది. అందులో నాలుగు భాగాలుంటాయి: ఇంటి నుండి స్టేషనుకో బస్టాండుకో చేరడం, అక్కడ వేచి ఉండడం, బండిలో ప్రయాణం, దిగినచోటి నుండి పనిచోటు చేరడం. రైలు ఎంతసేపట్లో చేరుస్తుందన్నది మాత్రమే చూసుకొని తక్కిన మూడు భాగాలను మరచిపోవడం సర్వసాధారణమైన పొరపాటు. రైలు దిగిన తరువాత చివరి ఐదు కిలోమీటర్లకు నగరంలో పట్టే సమయం, కొన్ని రోజుల్లో, రైలులో ముప్ఫై కిలోమీటర్లకు పట్టిన సమయంతో సమానం కావచ్చు.

రెండవ విషయం, మంచి రోజును కొలబద్దగా తీసుకోరాదు. ఆదివారం నాడు బైకు మీద వెళ్ళి ఇల్లు చూసి, ముప్పావు గంటలో చేరామని సంతోషించి అడ్వాన్సు కట్టేవారున్నారు. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు అదే దారి వేరుగా ఉంటుంది. వాన కురిసిన సాయంత్రం మరీ వేరుగా ఉంటుంది. పది రోజుల్లో ఎనిమిది రోజులు గంటలో చేరి, రెండు రోజులు రెండు గంటలు పడితే, ఆ రెండు రోజుల ఆలస్యాన్ని దృష్టిలో ఉంచుకొని ప్రతి రోజూ ముందే బయలుదేరవలసి వస్తుంది. అంటే వాస్తవంలో ఆ దారి గంట దారి కాదన్నమాట.

మూడవది, తిరుగు ప్రయాణం. ఉదయం బండ్లు పుష్కలంగా ఉండి, రాత్రి ఎనిమిది దాటితే ఒకే బండి ఉన్న ఊళ్ళు కొన్ని ఉన్నాయి. షిఫ్టు పనివారికి, ఓవర్‌టైము చేసేవారికి ఆ చివరి బండియే అసలు హద్దు. అది తప్పితే స్టేషనులో రాత్రి గడపడమో, ఆటోకు ఒక రోజు కూలి ధారపోయడమో తప్పదు. ఇల్లు చూడబోయే ముందు ఉదయపు వేళలతోపాటు రాత్రి చివరి బండి వేళను, అది తప్పితే ఉన్న మార్గాన్ని విచారించడం అవసరం.

శాస్త్రజ్ఞులు చెప్పినది

నగరాల గురించి పరిశోధించినవారు ఈ సమస్యను చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. విలియం అలాన్సో అనే ఆర్థికవేత్త 1964లో ప్రచురించిన గ్రంథంలో ఒక సూత్రాన్ని వివరించారు. నగర కేంద్రానికి దగ్గరగా వచ్చేకొద్దీ భూమి ధర, అద్దె పెరుగుతాయి. ప్రయాణపు ఖర్చు తగ్గుతుంది. దూరం పోయేకొద్దీ అద్దె తగ్గి ప్రయాణపు ఖర్చు పెరుగుతుంది. ప్రతి కుటుంబమూ ఈ రెండింటి నడుమ తనకు సరిపడిన చోటును వెదుక్కుంటుంది. మాలూరులో అద్దె తక్కువై వైట్‌ఫీల్డ్‌లో ఎక్కువ కావడానికి మూలకారణం ఇదే.

ఇటలీ శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో మరొక విషయాన్ని చర్చకు తెచ్చారు. అంతకుముందు యాకోవ్ జహావి చేసిన పరిశోధనలను ఆధారం చేసుకొని, మనుషులు నడిచే కాలంలోనైనా, బండ్ల కాలంలోనైనా రోజుకు సగటున గంటసేపే ప్రయాణానికి వెచ్చిస్తూ వచ్చారని ఆయన అభిప్రాయపడ్డారు. వేగం పెరిగినప్పుడు మనుషులు ప్రయాణ కాలాన్ని తగ్గించుకోలేదు. ఇల్లు మరికొంత దూరం జరుపుకున్నారు. ఈ సగటుతో పోల్చితే రోజుకు నాలుగైదు గంటలు దారిలో గడిపే సరిహద్దు పల్లె మనిషి మీద పడుతున్న భారం ఎంతటిదో ఊహించవచ్చు.

స్విట్జర్లాండు ఆర్థికవేత్తలు అలోయిస్ స్టుట్సర్, బ్రూనో ఫ్రే 2008లో ప్రచురించిన పరిశోధన ఇంకా ఆలోచింపజేసేది. జర్మనీ కుటుంబాల వివరాలను పరిశీలించి, దూరపు ప్రయాణం చేసేవారికి తక్కువ అద్దె రూపంలోనో ఎక్కువ జీతం రూపంలోనో పూర్తి ప్రతిఫలం దక్కడం లేదనీ, ప్రయాణకాలం పెరిగేకొద్దీ జీవితం పట్ల వారి తృప్తి తగ్గుతున్నదనీ వారు కనుగొన్నారు. మనిషి అద్దెను, ఇంటి వైశాల్యాన్ని సరిగా అంచనా వేయగలడు గాని, రోజూ చేసే ప్రయాణపు అలసటను ముందుగా అంచనా వేయలేడన్నది ఇందుకు చెప్పదగిన కారణాలలో ఒకటి.

ఒక కుటుంబపు లెక్క

ఈ సూత్రాలను లెక్కలో పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. కామసముద్రం సమీపంలోని ఒక పల్లెలో సొంత ఇల్లు ఉండి, వైట్‌ఫీల్డ్‌లో నెలకు 22,000 రూపాయల జీతానికి పనిచేసే ఒక వ్యక్తిని ఊహించుకోవచ్చు. ఇక్కడి అంకెలు ఉదాహరణ కొరకే. ఎవరికి వారు తమ అంకెలను వేసుకోవలసి ఉంటుంది.

ఇంటి నుండి స్టేషనుకు 20 నిమిషాలు, వేచి ఉండేది 15, రైలులో 80, దిగిన తరువాత 25. మొత్తం 140 నిమిషాలు, అనగా 2 గంటల 20 నిమిషాలు. రానుపోను 4 గంటల 40 నిమిషాలు. నెలకు 25 పనిదినాలకు దాదాపు 117 గంటలు. ఎనిమిది గంటల షిఫ్టులుగా మారిస్తే, ఇతడు నెలకు 25 షిఫ్టులు పనిచేసి, మరి 14 షిఫ్టులకు పైగా కూలి లేకుండా దారిలో చేస్తున్నాడు. ఏడాదికి ఆ మొత్తం 1,400 గంటలు.

రోజు లెక్క చూసినా ఇంతే. పని, మధ్యాహ్న విరామం కలిపి 9 గంటలు, దారి 4 గంటల 40 నిమిషాలు, నిద్ర 7 గంటలు పోగా మిగిలేది 3 గంటల 20 నిమిషాలు. స్నానం, భోజనం, బజారు, పశువుల కొట్టం, పిల్లల చదువు అన్నీ అందులోనే. ఏది తగ్గాలన్నా ముందుగా తగ్గేది నిద్రే.

ఇప్పుడు మూడు మార్గాలను పోల్చవచ్చు. ఊళ్ళోనే ఉంటే అద్దె లేదు. సీజను టికెట్టు, పెట్రోలు, బండి నిలిపే రుసుము కలిపి నెలకు 1,500 రూపాయలు అనుకుందాం. నగరంలో పనిచోటుకు 40 నిమిషాల దూరంలో ఇల్లు తీసుకుంటే అద్దె 8,000. పల్లెలో కొనవలసిన అవసరం లేని పాలు, కూరలు, నీళ్ళు, రవాణా అన్నీ కలిపి 3,000. అంటే ఊళ్ళో ఖర్చు కన్నా 9,500 ఎక్కువ. నెలకు దారిలో పోయేది 33 గంటలు. ఆదా అయ్యేది 84 గంటలు. ఒక్కొక్క గంటను 113 రూపాయలకు కొన్నట్లు లెక్క. మాలూరులో కాపురం పెట్టి 70 నిమిషాల్లో పనిచోటు చేరగలిగితే, అద్దె 4,500, ఇతర ఖర్చు 1,500, ప్రయాణం 1,200. ఊళ్ళో కన్నా 5,700 ఎక్కువ. ఆదా అయ్యేది 58 గంటలు. గంట ధర 98 రూపాయలు.

ఇతని జీతాన్ని నెలకు 200 పనిగంటలతో భాగిస్తే గంటకు 110 రూపాయలు. కాబట్టి ఈ ఉదాహరణలో నగరంలో కొనే గంట ధర అతని సంపాదన కన్నా కొద్దిగా ఎక్కువ. మాలూరులో కొంచెం తక్కువ. ఈ మాత్రం తేడా ఒక్కటే ఇల్లు కదల్చడానికి చాలిన కారణం కాదు. అయితే అద్దె లేని సొంత ఇల్లు ఊరికే వస్తున్నదన్న భ్రమ మాత్రం తొలగిపోతుంది. ఆ ఇంటికి కూడా అద్దె కడుతున్నారు. రూపాయలకు బదులు గంటలు చెల్లిస్తున్నారు. ఆ గంటల్లో ఓవర్‌టైమో, పక్కపనో దొరికేవారికి వాటి విలువ ఎక్కువ. దొరకనివారికి వాటి విలువ పిల్లలతో గడిపే సాయంత్రమే. ఆ సాయంత్రానికి ఎంత ధర కట్టాలన్నది ప్రతి ఇల్లూ తనంతట తాను నిర్ణయించుకోవలసిన విషయం.

ఊళ్ళోనే ఉండ నిశ్చయించినవారు ప్రయాణపు ఖర్చునైనా తగ్గించుకోవచ్చు. రెండవ తరగతి సీజను టికెట్టును రైల్వేవారు 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు. మూడు నెలల టికెట్టుకు నెల ధరకు 2.7 రెట్లు, ఆరు నెలలకు 5.4 రెట్లు, ఏడాదికి 10.8 రెట్లు మాత్రమే కట్టాలి. ఏడాది టికెట్టుతో నెలకు పైబడిన సొమ్ము మిగులుతుంది. రిజర్వేషన్ పెట్టెల్లో ఈ టికెట్టు చెల్లదన్నది గుర్తుంచుకోవాలి.

ఇంటిలోని అందరి దారి

పై లెక్కలో ఒక లోపమున్నది. అది ఒక్క మనిషి ప్రయాణాన్నే కొలిచింది. ఇల్లు మారితే ఇంటిల్లిపాది దారులూ మారుతాయి. నరసాపురం పారిశ్రామిక వాడ కంపెనీ బస్సులో వెళ్ళే ఇల్లాలు మాలూరుకో వైట్‌ఫీల్డ్‌కో మారితే ఆ బస్సు అందకపోవచ్చు. భర్తకు రోజుకు రెండు గంటలు ఆదా అయి, భార్యకు రెండు గంటలు పెరిగితే ఆ ఇంటికి కలిసి వచ్చింది శూన్యం. పైగా పనినుండి వచ్చిన స్త్రీకి పొయ్యి దగ్గర రెండవ షిఫ్టు సిద్ధంగా ఉంటుంది గనుక, ఆమె కోల్పోయే గంట మరింత భారమైనది. కాబట్టి కుటుంబంలో ప్రయాణించే ప్రతి ఒక్కరి నిమిషాలను కూడి చూడాలి. అందులో ఎవరికి విశ్రాంతి తక్కువో వారి నిమిషాలకు ఎక్కువ బరువు ఇవ్వాలి.

కంపెనీ బస్సు విషయంలో మరొక జాగ్రత్త అవసరం. బస్సు వస్తున్నది గదా అని దూరపు పల్లెలో ఉండిపోయేవారు, ఆ బస్సు మార్గం కంపెనీ ఇష్టం మీద ఆధారపడినదని మరువరాదు. షిఫ్టు మారినా, కాంట్రాక్టు మారినా మార్గం మారవచ్చు. బస్సు ఆగిన రోజున పనికి వెళ్ళడానికి మరొక దారి ఉన్నదా అన్నది ముందే చూసుకోవాలి.

వృద్ధులున్న ఇంటిలో ఆసుపత్రి దూరం, చిన్నపిల్లలున్న ఇంటిలో బడి దూరం ఈ లెక్కలో చేరాలి. పల్లెలో అవ్వాతాతలు పిల్లలను చూసుకుంటున్నారంటే అది వెలకట్టని సహాయం. నగరానికి మారిన తరువాత అదే పనికి మనిషిని పెట్టుకోవలసి వస్తే ఆదా అయిన సొమ్ము అటే పోతుంది.

గీత దాటితే మారేవి

ఒకే జిల్లాలో ఇల్లు మార్చేవారికి లేని చిక్కులు రాష్ట్రం మార్చేవారికి ఉంటాయి. కామసముద్రం నుండి మాలూరుకు మారితే కార్డు మీద చిరునామా మాత్రమే మారుతుంది. కుప్పం నుండి మాలూరుకు మారితే రాష్ట్రమే మారుతుంది.

ముందుగా బస్సు ప్రయాణం. కర్ణాటకలో 2023 జూన్ 11న ఆరంభమైన శక్తి పథకం కింద ఆ రాష్ట్ర నివాసులైన స్త్రీలకు సాధారణ ప్రభుత్వ బస్సుల్లో టికెట్టు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం ఆ రాష్ట్ర స్త్రీల కొరకు మొదలైనది. రెండూ నివాసపు గుర్తింపు కార్డును బట్టి వర్తించేవే. చిత్తూరు జిల్లా చిరునామాతో బెంగళూరులో పనిచేసే స్త్రీ నగరపు బస్సులో టికెట్టు కొనవలసిందే. రోజుకు రెండు బస్సులెక్కే స్త్రీకి నెల తిరిగేసరికి ఇది చిన్న మొత్తం కాదు. ఇల్లు నిజంగా మార్చినవారు ఆధార్‌లో చిరునామాను వెంటనే మార్పించుకోవడం అవసరం.

రేషను విషయంలో కొంత ఊరట ఉన్నది. ఒకే దేశం – ఒకే రేషను కార్డు విధానం 2022 జూన్ నాటికి అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. జాతీయ ఆహార భద్రతా చట్టం కింది ధాన్యాన్ని ఏ రాష్ట్రపు చౌకధరల దుకాణంలోనైనా తీసుకోవచ్చు. సొంత రాష్ట్ర ప్రభుత్వం అదనంగా ఇచ్చే సరుకులు మాత్రం వేరే రాష్ట్రంలో అందవు.

అన్నిటికన్నా ముఖ్యమైనది పిల్లల చదువు. కర్ణాటకలో 2015 నాటి చట్టం కన్నడ బోధనను, తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళ బోధనను తప్పనిసరి చేశాయి. ఏడవ, ఎనిమిదవ తరగతిలో రాష్ట్రం మారిన పిల్లవాడు కొత్త లిపితో కుస్తీ పట్టవలసి వస్తుంది. ఒకటవ తరగతిలో మారిన పిల్లవానికి అది ఆటగా వస్తుంది. మారక తప్పదనుకుంటే ముందుగా మారడమే మేలు.

చదివిన చోటు తరువాతి అవకాశాలను కూడా నిర్ణయిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రాజ్యాంగపు 371-డి అధికరణం కింద వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, ప్రభుత్వ ఉద్యోగాలలో స్థానిక అభ్యర్థి హోదా ప్రధానంగా బడిలో చదివిన సంవత్సరాల మీద ఆధారపడుతుంది. కర్ణాటకలో వృత్తివిద్యా ప్రవేశాల్లో గ్రామీణ అభ్యర్థులకు 15 శాతం కోటా ఉన్నది. అది దక్కాలంటే ఒకటి నుండి పదవ తరగతి వరకు గ్రామీణ ప్రాంతపు బడులలోనే చదివి ఉండాలి. కోలారు జిల్లా పల్లెలో ఎనిమిదవ తరగతి దాకా చదివిన పిల్లను, రెండేళ్ళు ఆగకుండా బెంగళూరు బడిలో చేర్పిస్తే, ఆ రెండేళ్ళ కొరకు పదేళ్ళ అర్హత పోతుంది. తండ్రి ప్రయాణం తగ్గించడానికి తీసుకున్న నిర్ణయం కూతురి సీటును మార్చగలదన్నమాట. ఇటువంటి సందర్భంలో తండ్రి ఒక్కడే రెండేళ్ళు నగరంలో గదిలో ఉండి, వారానికొకసారి ఇంటికి రావడం మేలు కావచ్చు. నిర్ణయానికి ముందు బడి ప్రధానోపాధ్యాయుని సంప్రదిస్తే నియమాలు స్పష్టమవుతాయి.

కొత్త దారులు, కొత్త ఆశలు

ఈ కొద్ది ఏళ్ళలో దారులు బాగుపడిన మాట నిజం. వైట్‌ఫీల్డ్ నుండి కృష్ణరాజపురం వరకు మెట్రో 2023 మార్చిలో ప్రారంభమైనది. అదే ఏడాది అక్టోబరులో అది బయ్యప్పనహళ్ళితో కలిసి నగరం నడిమధ్యకు దారి ఏర్పడినది. ఈ రెండుచోట్లా రైల్వే స్టేషను చేరువలోనే మెట్రో ఉన్నందున, బంగారపేట వైపు నుండి వచ్చే ప్రయాణికులకు చివరి భాగపు కష్టం తగ్గింది. అయితే 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ చార్జీ 60 రూపాయల నుండి 90 రూపాయలకు పెరిగింది. వేగం వచ్చినప్పుడు దాని వెలను కూడా లెక్కలో వేయాలి.

హోసూరు వైపు తెలుగువారికి కూడా ఇటువంటి మార్పే వచ్చింది. 2025 ఆగస్టు 10న ఆర్.వి. రోడ్డు నుండి బొమ్మసంద్ర వరకు 19.15 కిలోమీటర్ల పసుపు మార్గం ప్రారంభమైనది. అది ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా సాగుతుంది గాని బొమ్మసంద్రలోనే ఆగుతుంది. రాష్ట్ర సరిహద్దు అయిన అత్తిబెలె, దాని ఆవలి హోసూరు ఇంకా ముందే ఉన్నాయి. అక్కడివరకు బస్సో సొంత బండో తప్పదు.

బెంగళూరు – చెన్నై ఎక్స్‌ప్రెస్ మార్గంలో హోసకోట నుండి బేతమంగళ వరకు సుమారు 70 కిలోమీటర్ల భాగాన్ని 2024 డిసెంబరులో వాహనాలకు తెరిచారు. ఆ దారి వెంబడి స్థలాల ప్రకటనలు విరివిగా కనబడుతున్నాయి. నగరం ఇన్ని నిమిషాలే అని వ్రాసే ప్రకటనలో ఆ నిమిషాలు ఎక్కడినుండి ఎక్కడికి, ఏ వేళలో, ఏ వాహనంలో అన్నది ఉండదు. నగరపు అంచు చేరిన తరువాత అసలు రద్దీ మొదలవుతుంది. ఇటువంటి మార్గం కారు ఉన్నవారికి ఉపయోగం. బస్సు మీద ఆధారపడే కుటుంబానికి ఆ దారిలో బస్సు ఎక్కడ ఆగుతుందన్నదే ముఖ్యం. రాబోయే రైలు, రాబోయే మెట్రో అని చెప్పి అమ్మే స్థలానికి నేడు ఉన్న దారినే లెక్కవేసి ధర కట్టాలి. రాబోయేది వచ్చినప్పుడు లాభమే; రాకపోతే నష్టపోయేది కొన్నవాడే.

నిర్ణయానికి ముందు

చూసిన ఇల్లు ఎంత నచ్చినా, పనిరోజుల్లో కనీసం వారంపాటు ఆ ఊరినుండి పనిచోటుకు వెళ్ళిరావాలి. బంధువుల ఇంట ఉండియైనా ఈ పరీక్ష చేయవచ్చు. ప్రతిరోజూ గడప దాటిన వేళ, పనిచోటు చేరిన వేళ, ఇల్లు చేరిన వేళ ఒక కాగితం మీద వ్రాసుకోవాలి. ఆ కాగితమే అన్నిటికన్నా నమ్మదగిన సలహాదారు.

ముందు అద్దెకు, తరువాత కొనుగోలు. ఒక వానాకాలం, ఒక వేసవి అద్దె ఇంట్లో గడిపితే దారి సంగతీ నీటి సంగతీ రెండూ తెలిసిపోతాయి. 2024 వేసవిలో బెంగళూరు ఎదుర్కొన్న నీటి ఎద్దడి ఎవరూ మరచిపోలేదు. బోరు ఎండిన ఇంట్లో ట్యాంకరు నీటి ఖర్చు కూడా అద్దెలో భాగమే. నగరంలో పలుచోట్ల కొన్ని నెలల అద్దెను అడ్వాన్సుగా అడుగుతారు. దాని మీద పోయే వడ్డీని నెలవారీ ఖర్చులో చేర్చుకోవాలి. ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి అద్దె లేకుండా ఉండే భోగ్యపు పద్ధతిలో చేరేవారు ఇంటి యజమాని హక్కు పత్రాలు, ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు ఉన్నదీ లేనిదీ విచారించి, ఒప్పందాన్ని రిజిస్టరు చేయించుకోవడం మంచిది.

పల్లెలోని ఇంటిని, భూమిని తొందరపడి అమ్మరాదు. గనుల ఊరి కథ చెప్పినట్లు పని మారుతుంది. తిరిగి రావలసినప్పుడు ఒక గడప ఉండడం పెద్ద ధైర్యం.

చివరిగా, ఈ నిర్ణయం సంపాదించే మనిషి ఒక్కడిదే కాకూడదు. ఇంటివారందరూ కూర్చుని, ఎవరెవరికి ఎన్ని గంటలు మిగులుతాయో, ఎవరెవరికి ఎన్ని గంటలు పోతాయో కాగితం మీద పెట్టుకోవాలి. రూపాయల లెక్క సరితూగినప్పుడు గంటల లెక్క చూడాలి. గంటల లెక్క కూడా సరితూగినప్పుడు, పొద్దు గూకే వేళకు ఏ ఇంటి అరుగు మీద కుటుంబమంతా కలిసి కూర్చోగలదో ఆ ఇల్లే తగిన ఇల్లు.